ఎంబర్ అంటే నిప్పా, నిప్పురవ్వా? అసలు ఈ మాట ఎక్కడిది?

తర్జుమా_తంటాలు
ఒక ఇంగ్లీషు కథను తెలుగులోకి చేస్తున్నాను. కథంతా ఒక పొయ్యి చుట్టూ నడుస్తుంది. ఎంబర్స్ అనే మాట పేజీకొకసారి వస్తుంది. సందర్భాన్ని బట్టి కొన్నిచోట్ల నిప్పులు అనీ, కొన్నిచోట్ల నిప్పుకణికలు అనీ రాశాను. ఎడిటర్ గారు అన్నీ కొట్టేసి నిప్పురవ్వలు అని పెట్టారు. రవ్వ అంటే ఎగిరేది కదా! పొయ్యిలో బూడిద కింద ఉన్నది రవ్వ ఎలా అవుతుంది? అడిగితే డిక్షనరీలో అలాగే ఉందంటున్నారు.

అసలు ఈ మాట ఎక్కడ పుట్టింది, మొదట్లో దేన్ని అలా పిలిచేవాళ్ళు? ఈ వారంలో ఆయనతో మళ్ళీ మాట్లాడాలి. నాకిలా అనిపిస్తోంది అంటే ఆయన వినరు, చేతిలో ఏదైనా ఆధారం ఉండాలి.

పరీక్షల_టెన్షన్
సెప్టెంబర్, నవంబర్, డిసెంబర్‌లో ఉన్న ఎంబర్ ఇదేనా? చలికాలం కాబట్టి మంటలు వేసుకుంటారని?

కుంపటి_కబుర్లు
సెప్టెంబర్లో చలేంటమ్మా, మా రాజమండ్రిలో అప్పుడింకా ఉక్కపోత.

పాతనిఘంటువు
నెలల పేర్లకూ నిప్పుకూ సంబంధం లేదు. లాటిన్‌లో సెప్టెమ్ ఏడు, నొవెమ్ తొమ్మిది, డెకెమ్ పది. మార్చితో ఏడాది మొదలయ్యే పాత రోమన్ లెక్కలో అవి ఏడో నెల, తొమ్మిదో నెల, పదో నెల. అంతే.

ఇక ఎంబర్. సుమారు వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో దీని రూపం ఆమెర్యె. గమనించండి, అందులో బి లేదు. మధ్యకాలపు ఇంగ్లీషులో ఎయ్‌మర్, ఎమర్ లాంటి రూపాలు కనిపిస్తాయి. స్కాండినేవియా వాళ్ళ పాత నార్స్ భాషలో ఇదే మాట ఎయ్‌మిర్యా. ఐస్‌లాండ్‌లో ఈ రోజుకీ ఉంది. పాత జర్మన్‌లో ఎయ్‌మురియా. ఆ స్కాండినేవియా సముద్రయోధులు వైకింగులు ఇంగ్లండుకు వచ్చి స్థిరపడ్డాక వాళ్ళ మాట ప్రభావం ఇంగ్లీషు రూపం మీద పడిందని పండితుల అభిప్రాయం.

ఈ మాటలన్నిటికీ వెనకనున్న జెర్మానిక్ మూలాన్ని రెండు ముక్కలుగా విడదీస్తారు. మొదటి ముక్కకు బూడిద, పొగ, ఆవిరి లాంటి అర్థాలు. ఐస్‌లాండిక్‌లో ఎయ్‌ముర్ అంటే ఇప్పటికీ ఆవిరే. రెండో ముక్క కాలడం. రెండూ కలిపితే కాలుతున్న బూడిద, నిప్పున్న బూడిద. తంటాలు గారూ, మీ ఎడిటర్ గారికి చూపించాల్సింది ఇదే. ఈ మాట పుట్టుకలోనే బూడిద ఉంది, ఎగరడం లేదు.

తర్జుమా_తంటాలు
మాస్టారూ, చాలా సంతోషం! ఇది కాపీ చేసి పెట్టుకున్నాను. మరి ఆ బి ఎక్కణ్ణించి వచ్చింది?

సంస్కృతం_సర్వం
ఇందులో అంత పరిశోధన ఏముంది? అంబరం నుంచి వచ్చింది. సంజెవేళ ఆకాశం ఎర్రగా నిప్పులా ఉంటుంది. అంబర, ఎంబర్. లేదా అంగారం నుంచి అయినా వచ్చి ఉండాలి. రెండూ మనవే.

ఎల్లందు_పోరడు
అన్నా, ఒక మాటకు ఇద్దరు తండ్రులా? ఏదో ఒకటి ఖాయం చెయ్యి.

పాతనిఘంటువు
సర్వం గారూ, వెయ్యేళ్ళ కిందటి రూపంలో బి లేదని పైనే చెప్పాను. అంబరానికి ఎంబర్‌తో ఉన్న పోలికంతా ఆ బి వల్లే. అది తీసేస్తే పోలిక మిగలదు. అంగారానికి చుట్టాలు ఉన్నాయి, కాకపోతే వేరేచోట. రష్యన్‌లో ఉగోల్, లిథువేనియన్‌లో ఆంగ్లిస్ అంటే బొగ్గు. ఆ రెండూ మన అంగారం కుటుంబంలోవే. ఎంబర్ ఆ కుటుంబంలోది కాదు.

అయితే మీరు అడగని చోట ఒక చుట్టరికం ఉంది. ఎంబర్‌లో రెండో ముక్క, కాలడం అని చెప్పానే, దాని మూలమూ సంస్కృతంలో ఉష్ ధాతువు మూలమూ ఒకటే. ఉష్ణం అందులోంచే వచ్చింది. లాటిన్‌లో ఊరెరె, కాల్చడం, అదీ అక్కడిదే. కాబట్టి ఎంబర్‌కు ఉష్ణం దూరపు బంధువు.

సంస్కృతం_సర్వం
చూశారా! ఉష్ణం దగ్గరికే వచ్చి ఆగింది.

పాతనిఘంటువు
బంధువు అన్నాను, సంతానం అనలేదు. ఇద్దరు అన్నదమ్ముల పిల్లల్లో ఒకరు ఇంకొకరికి తండ్రి కారు. సంస్కృతం ఇంగ్లీషుకు మాటలు ఇచ్చిన సందర్భాలు వేరే ఉన్నాయి, ఇది మాత్రం కాదు.

ఇక ఆ బి సంగతి. ఎవరైనా నెమ్మదిగా మ అని, వెంటనే ర అని చూడండి. మ అనేటప్పుడు పెదాలు మూసి ఉంటాయి, గాలి ముక్కులోంచి పోతుంది. ర కోసం ముక్కు దారి మూసి నోరు తెరవాలి. ఈ రెండు పనులూ ఒకే క్షణంలో జరగాలి. ముక్కు దారి కాస్త ముందే మూసుకుపోయిందా, పెదాలు ఇంకా మూసే ఉంటాయి కాబట్టి మధ్యలో బ పుడుతుంది. ఎవరూ కావాలని పెట్టరు. ఎమర్ బహువచనంలో మధ్య అచ్చు తేలికైపోయి ఎమ్‌రెస్ అయింది. మ పక్కకు ర వచ్చేసింది, ఇక ఎంబ్రెస్ కాక తప్పలేదు.

ఇంగ్లీషు నిండా ఇలాంటివే. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు తిమ్మెల్, అది తింబుల్ అయింది. థండర్ పాత రూపం తునోర్, అందులో డి లేదు, ముక్కు తర్వాత ర రాబట్టి వచ్చింది. జర్మన్ వాళ్ళు డి లేకుండానే డొన్నర్ అంటారు. అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది ఇంకొకటి. లాటిన్‌లో కామెరా అంటే గది. అది ఫ్రెంచి మీదుగా వచ్చి బి తగిలించుకుని ఛాంబర్ అయింది. అదే కామెరా, చీకటిగది పెట్టె పేరులో అలాగే ఉండిపోయి కెమెరా అయింది. మనం రెంటినీ తెచ్చుకున్నాం.

గాజువాక_గాలి
అంటే మా జీఎం గారి ఛాంబర్‌లో కెమెరా పెట్టారంటే గదిలో గది పెట్టినట్టా!

యార్క్‌షైర్_చలి
మాస్టారూ, మన భాషల్లో ఇలాంటిది లేదా?

పాతనిఘంటువు
పక్కనే ఉంది. సంస్కృతం ఆమ్రం, ప్రాకృతంలో అంబ, మరాఠీలో ఆంబా. మ, ర మధ్య బ దూరింది, తర్వాత ర జారిపోయింది. తామ్రం అలాగే తంబ అయి హిందీలో తాంబా అయింది. ఎంబర్‌లో బి, ఆంబాలో బ, రెండూ ఒకే రకంగా పుట్టాయి. భాష ఏదైనా పెదాలూ ముక్కూ మనుషులందరికీ ఒకటే కదా.

సంస్కృతం_సర్వం
ఇది బాగుంది. ఒప్పుకుంటాను. అంబరం మాత్రం వదలను.

పరీక్షల_టెన్షన్
అంకుల్, కంబషన్‌లో బి కూడా ఇలాగే వచ్చిందా? కెమిస్ట్రీలో రోజూ చదువుతున్నాను.

పాతనిఘంటువు
మంచి ప్రశ్న. అక్కడ బి వేరే దారిలో దూరింది. లాటిన్‌లో అంబి అంటే చుట్టూ. అంబి, ఊరెరె కలిస్తే అంబూరెరె, చుట్టూ కాల్చడం. జనం దాన్ని అం, బూరెరె అని తప్పుచోట విరిచారు. అలా లేని బూరెరె ఒకటి పుట్టి, దానికి కొమ్ చేరి కొంబూరెరె అయింది. కంబషన్ అందులోంచి వచ్చింది. ఆ ఊరెరె ఉష్ణానికి చుట్టమని ఇందాక చెప్పాను. అంటే కంబషన్, ఎంబర్ ఒకే మూలాన్ని పంచుకున్నాయి, రెండింటిలోనూ బి బయటనుంచి వచ్చిందే.

పరీక్షల_టెన్షన్
ఇది మా లెక్చరర్‌ని అడుగుతా.

సండేస్కూల్_టీచర్
ఎంబర్ డేస్ గురించి ఎవరూ చెప్పలేదేం? క్రైస్తవ సంఘంలో ఏడాదికి నాలుగుసార్లు, బుధ, శుక్ర, శనివారాల్లో ఉపవాసం ఉండే పాత సంప్రదాయం. ఈస్టర్‌కు ముందు ఉపవాసకాలమైన లెంట్‌లో మొదటి ఆదివారం తర్వాత ఒకసారి, పెంతెకొస్తు తర్వాత ఒకసారి, సెప్టెంబర్‌లో సిలువ పండుగ తర్వాత, డిసెంబర్‌లో సెయింట్ లూసీ రోజు తర్వాత. వాటిలో మొదటివి లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం దగ్గర్లో వస్తాయి కాబట్టి బూడిద, నిప్పు అనే అర్థంతోనే ఆ పేరు వచ్చిందని చిన్నప్పుడు మాకు చెప్పారు.

పాతనిఘంటువు
చాలామంది అలాగే అనుకుంటారు టీచర్ గారూ, ఇంగ్లండులోనూ. కానీ అది వేరే మాట. పాత ఇంగ్లీషులో ఇంబ్‌రిన్ అంటే చుట్టూ తిరిగి రావడం. ఇంబ్ అంటే చుట్టూ, రిన్ అంటే పరుగు. ఏడాది పొడుగునా తిరిగి తిరిగి వచ్చే రోజులని. లాటిన్‌లో ఆ రోజులను క్వాటువొర్ టెంపొరా, నాలుగు కాలాలు అంటారు. ఆ మాట ధ్వని కూడా కొంత కలిసి ఉండవచ్చని ఒక అభిప్రాయం.

ఇందాక కంబషన్‌లో చెప్పిన అంబి, ఇక్కడి ఇంబ్, మన సంస్కృతంలో అభి, మూడూ ఒకే ఇంటివి.

సండేస్కూల్_టీచర్
బాగుంది. పిల్లలకు ఈసారి ఇలాగే చెబుతాను. తంటాలు గారికి పనికొచ్చేది నా దగ్గరా ఒకటుంది. సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో శత్రువుకు అన్నం పెట్టు, నీళ్ళివ్వు, అలా చేస్తే అతని తలమీద నిప్పులు కుప్పగా పోసినట్టే అనే మాట వస్తుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో అక్కడ కోల్స్ ఆఫ్ ఫైర్ అని ఉంటుంది. తెలుగు బైబిల్‌లో బొగ్గులు అనలేదు, రవ్వలు అనలేదు, నిప్పులు అన్నారు.

ఎల్లందు_పోరడు
కోల్ అంటే బొగ్గే కదా టీచర్? మా నాన్న సింగరేణిలో చేసిండు, మాకు తెలిసిన కోల్ అదొక్కటే.

పాతనిఘంటువు
ఇక్కడే అసలు కథ ఉంది. పాత ఇంగ్లీషులో కోల్ అంటే గనిలోంచి తీసేది కాదు. కణకణలాడే నిప్పు, లేదా కట్టె కాలి మిగిలిన బొగ్గు. భూమిలోంచి తీసే నల్లరాయికి ఆ పేరు 13వ శతాబ్దం నుంచే వాడుకలోకి వచ్చింది. అప్పుడు దాన్ని వేరుగా చెప్పడానికి సీ కోల్, సముద్రపు బొగ్గు అన్నారు. ఈశాన్య ఇంగ్లండులో అలలకు ఒడ్డుకు కొట్టుకొచ్చేది కాబట్టి అని కొందరు, న్యూకాసిల్ నుంచి ఓడల మీద లండన్‌కు వచ్చేది కాబట్టి అని కొందరు కారణం చెబుతారు. దాని పొగ భరించలేక 1306 ప్రాంతంలో మొదటి ఎడ్వర్డ్ రాజు లండన్‌లో దాన్ని కాల్చవద్దని ఆజ్ఞ వేశాడు. ఎవరూ పెద్దగా వినలేదు.

తర్వాత్తర్వాత అందరూ గనిబొగ్గే వాడటం మొదలుపెట్టాక కోల్ అనే పేరు దానికే స్థిరపడిపోయింది. అప్పుడు కట్టెబొగ్గుకు చార్‌కోల్ అని విశేషణం తగిలించక తప్పలేదు. బైబిల్ అనువదించినప్పుడు కోల్‌లో పాత నిప్పు అర్థం ఇంకా బతికే ఉంది.

ఎల్లందు_పోరడు
మన దగ్గరా అదే జరిగింది గదా! మా తాత రాక్షసి బొగ్గు అనేటోడు. ఉత్త బొగ్గు అంటే పొయ్యిలదే. ఇప్పుడు మా దిక్కు బొగ్గు అంటే గనిదే, పొయ్యిదానికి కట్టెబొగ్గు అని చెప్పాలి.

ఎల్లందు దగ్గర 1871ల విలియం కింగ్ అనే జియాలజిస్టు బొగ్గు కనుక్కున్నడు. 1889ల తవ్వకం మొదలైంది. కంపెనీకి సింగరేణి కాలరీస్ అని పేరు 1920ల వచ్చింది. ఆ కాలరీస్ ఈ కోల్ నుంచేనా మాస్టారూ?

పాతనిఘంటువు
అవును. కాలియర్ అంటే మొదట్లో గని కార్మికుడు కాదు, అడవిలో కట్టెలు పేర్చి మట్టి కప్పి బొగ్గు కాల్చేవాడు. గనులు వచ్చాక ఆ పేరు గని మనిషికి, అక్కణ్ణించి కాలరీ అని గనికి వెళ్ళింది. మీ నాన్నగారి కంపెనీ పేరులో పాత నిప్పు మాట ఉంది.

ఎల్లందు_పోరడు
ఇది నాన్నకు ఫోన్ చేసి చెప్పాలి. రిటైరై ఇంట్ల ఉన్నడు, మస్తు ఖుషీ అయితడు.

గాజువాక_గాలి
మరి సిండర్ సంగతి? ఆర్డర్ చేసిన కేకు మాడిపోయి వస్తే సిండర్ అంటారు కదా.

పాతనిఘంటువు
సిండర్ కమ్మరి కొలిమి మాట. పాత ఇంగ్లీషులో ఎస్‌తో సిండెర్. ఇనుము కాచేటప్పుడు వేరుపడే చిట్టెం అని అర్థం. తర్వాత ఫ్రెంచిలో సాంద్ర్, అంటే బూడిద, ఆ మాట చూసి ఎస్ బదులు సి పెట్టి రాయడం మొదలుపెట్టారు. ఆ ఫ్రెంచి మాట లాటిన్ కినిస్ నుంచి వచ్చింది. రెంటికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు, కానీ స్పెల్లింగూ అర్థమూ రెండూ మారిపోయాయి. 1697లో ఫ్రెంచిలో అచ్చయిన సాంద్రియోన్ కథ ఇంగ్లీషులోకి వచ్చేసరికి సిండరెల్లా అయింది. పొయ్యి పక్క బూడిదలో కూర్చునే పిల్ల అని.

గాజువాక_గాలి
ఆగండాగండి. ఎస్‌తో సిండెర్ అన్నారు. మా స్టీల్‌ప్లాంట్‌లో సింటర్ ప్లాంట్ ఉంది. నేను పనిచేసేది అందులోనే. దీనికీ దానికీ?

పాతనిఘంటువు
ఒకే మాట. జర్మన్‌లో సింటర్, ఇంగ్లీషులో సిండర్. ఇంగ్లీషు వాళ్ళు తమ మాటను బూడిదకు ఇచ్చేసి, తర్వాత జర్మన్ రూపాన్ని మళ్ళీ అరువు తెచ్చుకున్నారు. మీరు ఆ ప్లాంట్‌లో ఏం చేస్తారో కొంచెం చెప్పండి, అందరికీ తెలియదు.

గాజువాక_గాలి
ఇనుప ఖనిజం పొడి ఉంటుంది. దాన్ని అలాగే ఇనుము తీసే పెద్ద కొలిమి, బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేస్తే గాలి ఆడదు, దారులు మూసుకుపోతాయి. అందుకని ఆ పొడిని కోక్ పొడి, అంటే గాలి తగలకుండా కాల్చిన గనిబొగ్గు పొడి, సున్నపురాయితో కలిపి కదిలే పట్టీ మీద పరిచి, పైన మంట పెట్టి, కింద నుంచి గాలి లాగుతాం. మంట పై పొర నుంచి కిందికి దిగుతుంది. పూర్తిగా కరగదు, గింజలు అంచుల్లో కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. చివర్లో గడ్డలు గడ్డలుగా పడుతుంది. పట్టీ చివర విరిగి పడేటప్పుడు లోపల ఎర్రగా కణకణలాడుతూ ఉంటుంది. తంటాలు మేడమ్, అది చూస్తే మీకు ఎంబర్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్జుమా_తంటాలు
కణకణలాడడం అనే మాట ఇద్దరు వాడారు. నా కథలో అదే వేస్తాను.

యార్క్‌షైర్_చలి
పదేళ్ళుగా ఉత్తర ఇంగ్లండులో ఉంటున్నాను. ఇక్కడి పాత మాండలికం పుస్తకాల్లో గ్లీడ్ అనే మాట చూశాను, నిప్పుకణిక అని అర్థం ఇచ్చారు. ఇది ఎంబర్ కంటే పాతదా?

పాతనిఘంటువు
దాదాపు సమవయస్కులు. పాత ఇంగ్లీషులో గ్లేడ్. గ్లో అనే క్రియతో కలిసి పుట్టింది. జర్మన్‌లో గ్లూట్, డచ్‌లో గ్లూడ్, స్వీడిష్‌లో గ్లోడ్, అందరూ రోజువారీ మాటగా వాడుతున్నారు. ఇంగ్లీషులో మాత్రం మాండలికాలకే పరిమితమైంది.

14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కథల్లో ఒక ముసలి ఉద్యోగి వస్తాడు. ముసలివాళ్ళలో నాలుగు గ్లీడ్‌లు ఇంకా ఆరలేదంటాడు. గొప్పలు చెప్పుకోవడం, అబద్ధాలాడటం, కోపం, పేరాశ. మా పాత బూడిదలో నిప్పు కప్పి ఉంది అని కూడా అంటాడు. మన నివురుగప్పిన నిప్పుకు ఇంత దగ్గరగా ఇంకే ఇంగ్లీషు వాక్యమూ నాకు దొరకలేదు. రెండు దేశాల్లోనూ రాత్రి నిప్పును బూడిదలో కప్పి తెల్లవారి ఊది రాజేసుకున్నవాళ్ళే కదా, ఊహ ఒకటే అవడంలో ఆశ్చర్యం లేదు.

యార్క్‌షైర్_చలి
మా పక్కింటి స్వీడన్ వాళ్ళు క్రిస్మస్‌కు గ్లోగ్ అని వేడివేడి వైన్ ఇస్తారు. దీనికి సంబంధమా?

పాతనిఘంటువు
అదే కుటుంబం. గ్లోడ్‌గా అంటే కాచడం, ఎర్రగా కాల్చడం. కాచిన వైన్ అని.

కుంపటి_కబుర్లు
నిప్పు కప్పడం గురించి చెప్పారు కాబట్టి ఇది రాస్తున్నా. మా నాయనమ్మ రాత్రి వంటయ్యాక పెద్ద నిప్పులు రెండు మూడు పొయ్యిలో ఓ మూలకు తోసి, పైన మెత్తటి బూడిద కప్పేది. పొద్దున్నే పుల్లతో కదిపి, కొబ్బరిపీచు పెట్టి ఊదితే అంటుకునేది. అగ్గిపుల్ల వాడితే డబ్బు దండగ అనేది. ఎప్పుడైనా ఆరిపోతే పక్కింటికి పిడక ముక్క పట్టుకెళ్ళి నిప్పు తెచ్చుకోవడమే. ఆ బూడిదలో వంకాయ పెడితే కాలే తీరు గ్యాస్ స్టవ్ మీద రాదు. వేడి బూడిదనీ నిప్పులనీ కలిపి మేం కుమ్ము అంటాం. మాస్టారు చెప్పిన ఆమెర్యెకు సరైన తెలుగు నా లెక్కలో కుమ్మే.

తర్జుమా_తంటాలు
అక్కా, కుమ్ము! ఈ మాట నాకు తట్టనే లేదు.

ఎల్లందు_పోరడు
మా దిక్కు నిప్పుకలు అంటరు. అగ్గి అంటే మంట కూడా వస్తది, నిప్పుకలు అంటే ఒట్టి ఎర్రగా ఉన్నవే.

యార్క్‌షైర్_చలి
నిప్పు కప్పడం మీదే ఇంకొకటి. కర్ఫ్యూ అనే మాట పాత ఫ్రెంచిలో నిప్పును కప్పు అనే ఆజ్ఞ. ఇళ్ళన్నీ చెక్క, పైకప్పు గడ్డి. రాత్రి ఒక్క పొయ్యి తెరిచి ఉన్నా ఊరంతా అంటుకునే ప్రమాదం. అందుకే సాయంత్రం గంట కొట్టేవాళ్ళు, పొయ్యిలో నిప్పు కప్పేసి పడుకోండి అని.

గాజువాక_గాలి
లాక్‌డౌన్ టైమ్‌లో మన కర్ఫ్యూ అప్పుడు ఇంట్లో పొయ్యి ఆరిందే లేదు. రోజుకో వంటకం.

మెల్బోర్న్_మావయ్య
అందరూ ఎంబర్ అంటే పడుకుని ఉండేది అంటున్నారు. నాకు ఒప్పుదల లేదు. మేం ఉండేది మెల్బోర్న్ శివారులో, చుట్టూ యూకలిప్టస్. ప్రతి వేసవిలో ఫోన్‌కు వచ్చే హెచ్చరికల్లో ఎంబర్ అటాక్ అని ఉంటుంది. కార్చిచ్చు ఇంకా చాలా దూరంలో ఉండగానే కాలుతున్న బెరడు ముక్కలు, ఆకులు గాలికి లేచి వచ్చి ఇళ్ళ మీద పడతాయి. మంట నేరుగా తాకి కాలే ఇళ్ళ కంటే వీటివల్ల అంటుకునే ఇళ్ళే ఎక్కువని ఇక్కడి ఫైర్ సర్వీసు వాళ్ళు ప్రతి మీటింగులో చెబుతారు. గట్టర్లో ఎండుటాకులు, పెంకుల కింద సందు, తలుపు ముందు పట్టా, ఎక్కడ పడితే అక్కడ లోపలికి దూరతాయి.

2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో వచ్చిన మంటల్లో 173 మంది పోయారు. ఆ తర్వాత కట్టే ఇళ్ళకు నిబంధనలు గట్టిగా అమలు చేస్తున్నారు. గాలి వచ్చే కంతలకు లోహపు జల్లెడ ఉండాలి, దాని కన్ను 2 మిల్లీమీటర్లకు మించకూడదు. అంత చిన్న ఎంబర్ కూడా ఇల్లు కాల్చేస్తుంది కాబట్టే. తంటాలు గారి ఎడిటర్ గారు నిప్పురవ్వ అనడంలో తప్పేముంది? మా దగ్గర ఎంబర్ అంటే ఎగిరేదే.

పాతనిఘంటువు
మీరు చెప్పింది వాస్తవం, ఇప్పటి వాడుకలో ఆ అర్థం బలంగా ఉంది. శాస్త్రజ్ఞులు అయితే ఎగిరే ముక్కను ఫైర్‌బ్రాండ్ అని కూడా రాస్తారు. బ్రాండ్ అంటే పాత ఇంగ్లీషులో కొరివి. మన పేపర్లలో ఫైర్‌బ్రాండ్ నాయకుడు అని రాసేది అదే.

కానీ కథలో పొయ్యి ఉంది, కార్చిచ్చు లేదు. ఒక మాటకు కొత్త అర్థం వచ్చినంత మాత్రాన పాత అర్థం ఉన్నచోట కూడా దాన్నే వేస్తామా?

మెల్బోర్న్_మావయ్య
కథలో ఒక్కసారైనా ఎగిరిందేమో ఆమెనే అడుగుదాం.

తర్జుమా_తంటాలు
ఒకచోట ఎగురుతుంది. పొయ్యిలోంచి ఒకటి చిట్లి తివాచీ మీద పడుతుంది, అక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఇప్పుడు నాకు విషయం స్పష్టమైంది. అదే మాటను రచయిత కథంతా పడుకోబెట్టి, ఒక్కసారి లేపాడు. ఎడిటర్ గారు అన్నిచోట్లా రవ్వ పెడితే మొదటి పేజీ నుంచీ ఎగురుతూనే ఉంటుంది, ఆ మలుపుకు బలం ఉండదు.

పరీక్షల_టెన్షన్
మరి అంబర్‌తో ఏ సంబంధమూ లేదా? ఆ పసుపు రాయి?

పాతనిఘంటువు
లేదు. అది అరబ్బీ అన్‌బర్ నుంచి వచ్చింది, తిమింగలంలోంచి వచ్చే సుగంధ పదార్థం పేరు. తర్వాత ఆ పేరు చెట్టు జిగురు గట్టిపడ్డ రాయికి వెళ్ళింది. జర్మన్ వాళ్ళు మాత్రం ఆ రాయిని బెర్న్‌స్టైన్, కాలే రాయి అంటారు. మంట పెడితే నిజంగానే కాలుతుంది.

కుంపటి_కబుర్లు
ఒక విషయం చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఇదంతా చదివి ఎవరైనా ముచ్చటపడి చలికాలంలో కుంపటి ఇంట్లో పెట్టుకుంటారేమో, తలుపులూ కిటికీలూ మూసి మాత్రం పెట్టకండి. మంట లేదు, పొగ లేదు కదా అనుకుంటారు. కణకణలాడే బొగ్గుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. మా బంధువుల ఇంట్లో ఇద్దరు కొద్దిలో బతికారు. కిటికీ తెరిచి ఉంచండి, పడుకునే ముందు బయట పెట్టేయండి.

గాజువాక_గాలి
అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా ప్లాంట్‌లో ఆ గ్యాస్ కోసం ప్రతి ఒక్కరి జేబుకూ మీటర్ ఉంటుంది. ఎర్రగా ఉంటే అయిపోయిన మంట అనుకోవద్దు. కట్టెలోని ఆవిర్లన్నీ మండిపోయాక మిగిలిన కర్బనం పైపొర మీద గాలి తగిలి కాలుతూ ఉంటుంది. పైన బూడిద పొర వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, గాలిని కొంచెం కొంచెంగా పోనిస్తుంది. అందుకే రాత్రంతా ఉంటుంది.

తర్జుమా_తంటాలు
అందరికీ చెప్పేది ఇదీ. పొయ్యిలో ఉన్నచోట్ల నిప్పులు. బూడిద కింద ఉన్నచోట నివురుగప్పిన నిప్పులు, పాత్ర వేలితో కదిపేచోట కుమ్ము. తివాచీ మీద పడే ఒక్కచోట మాత్రం రవ్వ. మాస్టారి మొదటి పోస్టు, మావయ్య గారి పోస్టు రెండూ కలిపి ఎడిటర్ గారికి పంపాను. ఆయన ఇప్పుడే జవాబిచ్చారు. కుమ్ము అంటే కృష్ణా జిల్లా పాఠకులకు పొడవడం గుర్తొస్తుందట, అది తీసేయమంటున్నారు. మిగతావి ఒప్పుకున్నారు.

కుంపటి_కబుర్లు
కుమ్ము తీయొద్దు. ఎద్దు కుమ్మడం వేరు, పొయ్యిలో కుమ్ము వేరు. పక్కన బూడిద అనే మాట ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది.

మెల్బోర్న్_మావయ్య
నేను కృష్ణా జిల్లా వాణ్ణే. మా అమ్మ కుమ్ములో చిలకడదుంపలు కాల్చి పెట్టేది. ఉంచండి.

ఎల్లందు_పోరడు
నా ఓటు నిప్పుకలకే.